బరువుకు తగిన బరి

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. ఒక విషయాన్ని క్రమపద్ధతిలో, హేతుబద్ధంగా, సులభగ్రాహ్యంగా వివరించే రచన వ్యాసం. రాయలసీమ గ్రామాలలో తిరునాళ్ళ సందర్భంగా జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలలోని విభాగాల నియమాలను, బహుమతి సొమ్ము పంపకంలోని ధర్మాన్ని ఈ పాఠం చర్చిస్తుంది. గెలుపుకు విలువ ఎక్కడినుంచి వస్తుందో విద్యార్థులు ఆలోచించేటట్లు చేయడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

నంద్యాల జిల్లాలోని మిడుతూరు మండలం సేద్యాన్ని నమ్ముకొన్న సీమ. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేవరకు ఇది కర్నూలు జిల్లాలో అంతర్భాగంగా ఉండేది. నల్లరేగడి నేలలు, ఎండకు నెర్రెలు విచ్చే చేలు, వాన పడితే మడమను వదలని బురద ఈ ప్రాంతపు రైతుకు చిరపరిచితాలు. ఇటువంటి నేలలో నాగలి సాగాలంటే బలమైన ఎడ్లు కావాలి. అందువల్లనే ఈ సీమ రైతుకు ఎద్దు అంటే ఇంటి బిడ్డతో సమానం. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి పండుగలలోను, గ్రామదేవతల తిరునాళ్ళలోను నంద్యాల, ఆళ్ళగడ్డ, నందికొట్కూరు పరిసర గ్రామాలు బండలాగుడు పోటీలకు వేదికలవుతాయి.

పోటీనాటి ఉదయం ఊరిబయట మైదానం జనంతో నిండిపోతుంది. ముందుగానే చదును చేసిన బరికి ఇరువైపులా తాళ్ళు కడతారు. మెడలో మువ్వలపట్టెడ, నొసట పసుపుకుంకుమలు, కొమ్ములకు రంగులతో గిత్తలు బరిలోకి వస్తాయి. కాడికి గొలుసు తగిలిస్తారు. గొలుసు చివర పెద్ద రాతిబండ ఉంటుంది. గడియారం చూసే పెద్దమనిషి చేయి ఊపగానే జత కదులుతుంది. బండ కింద నేల గీసుకొన్న చప్పుడు, తోలేవారి అదిలింపులు, ప్రేక్షకుల కేకలు ఒక్కటవుతాయి. నిర్ణీత సమయం ముగిసేసరికి ఆ జత బండను ఎంతదూరం లాగిందో టేపుతో కొలిచి మైకులో ప్రకటిస్తారు.

చూసేవారికి ఇది బలప్రదర్శన. కొంచెం లోతుగా పరిశీలిస్తే ఇది సహనానికి పరీక్ష అని తెలుస్తుంది. బండను ఒక్కసారి కదిలించడానికి బలం చాలు. పది, పదిహేను, ఇరవై నిమిషాలపాటు దాన్ని ఆపకుండా లాగడానికి మాత్రం దమ్ము, నిలకడ, జతలోని రెండు పశువుల మధ్య పొందిక అవసరం. మొదటి నిమిషాలలో ఉరికిన జత చివరి నిమిషాలలో నిలిచిపోవడం, నింపాదిగా బయలుదేరిన జత చివరికి పైచేయి సాధించడం ఈ పోటీలలో సామాన్యం. తోలేవాని నేర్పంతా పశువు శక్తిని పొదుపుగా వాడుకోవడంలోనే ఉంది.

కొలత విషయం చూద్దాం. బరి పొడవు మూడువందల అడుగులని అనుకొందాం. ఒక జత బరిని పద్నాలుగుసార్లు పూర్తిగా దాటి, మరొక నూటయిరవై అడుగులు లాగితే మొత్తం దూరం 4,320 అడుగులు. ఇంకొక జత 4,318 అడుగులు లాగిందనుకోండి. రెండు అడుగుల తేడా ఒకరిని ప్రథమ స్థానంలోను, మరొకరిని ద్వితీయ స్థానంలోను నిలబెడుతుంది. కాబట్టి టేపు పట్టే చేయి వణకకూడదు. గడియారం చూసే కన్ను ఎవరి ముఖాన్నీ చూడకూడదు. ఉదయపు చల్లదనంలో లాగే జతకు, మిట్టమధ్యాహ్నపు ఎండలో లాగే జతకు శ్రమ ఒక్కటి కాదు. పలుమార్లు బండ నడిచిన తరువాత బరి నేల కూడా మారిపోతుంది. ఏ జత ముందు, ఏ జత వెనుక అన్నది చీటీలు తీసి నిర్ణయించే పద్ధతి ఇందుకే ఏర్పడింది. ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో అదృష్టానికి వదిలిపెట్టడం కూడా ఒక విధమైన న్యాయమే.

ఇక విభాగాల సంగతి. లేగదూడకు కింది దవడ ముందుభాగాన ఎనిమిది పాలపళ్ళు ఉంటాయి. పశువులకు పైదవడ ముందుభాగాన పళ్ళు ఉండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. సుమారు రెండేళ్ళ వయస్సులో నడిమి పాలపళ్ళు రెండు ఊడి, వాటి స్థానంలో వెడల్పయిన శాశ్వత దంతాలు వస్తాయి. అప్పుడు రైతులు దాన్ని ‘రెండు పళ్ళ గిత్త’ అంటారు. మూడేళ్ళ ప్రాంతంలో నాలుగు పళ్ళు, ఆపైన ఆరు పళ్ళు, దాదాపు ఐదేళ్ళకు ఎనిమిది పళ్ళు పూర్తవుతాయి. జాతిని, మేపును బట్టి ఈ కాలం కొంత ముందువెనుకలవుతుంది. పుట్టినతేదీ పత్రం లేని పశువుకు నోరే జన్మపత్రిక.

బండలాగుడు పోటీలు ఈ జన్మపత్రికను ఆధారం చేసుకొన్నాయి. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం, వాటికి పైన పెద్ద గిత్తల విభాగం అని వరుసలు ఏర్పడ్డాయి. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. చాలాచోట్ల సేద్యపు ఎడ్లకు ప్రత్యేక విభాగం ఉంటుంది. ఈ చివరి విభాగాన్ని ఏర్పరచిన పెద్దల ఆలోచన మెచ్చదగినది. కేవలం పోటీలకోసమే మేపి, సాము చేయించి, పొలం ముఖం చూపించకుండా పెంచిన గిత్తలు వేరు. ఏడాది పొడవునా దుక్కి దున్ని, గుంటక తోలి, బండి లాగి, పండుగనాడు మాత్రమే బరిలో నిలిచే ఎడ్లు వేరు. రెంటినీ ఒకే బండకు కట్టి దూరం కొలవడం కొలత అనిపించుకొంటుంది గాని న్యాయం అనిపించుకోదు.

ఈ సూత్రం మన పల్లెలకే పరిమితం కాదు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన తెలుగు ఆడపడుచు కరణం మల్లీశ్వరి బరువులెత్తే పోటీలో కాంస్యపతకం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా కీర్తి పొందింది. ఆమె పాల్గొన్నది 69 కిలోల విభాగం. ఎత్తిన మొత్తం బరువు 240 కిలోలు. పోటీదారుల దేహభారాన్ని లెక్కలోకి తీసుకోకుండా అందరినీ ఒకే వేదికమీద నిలబెడితే, ఆ ఘనకార్యపు పరిమాణం మనకు సరిగా తెలిసేదే కాదు.

యంత్రాల పోటీలలోనూ ఇదే ధర్మం కనిపిస్తుంది. 1907 మే 28న ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో తొలి టూరిస్ట్ ట్రోఫీ మోటారు సైకిలు పందెం జరిగింది. పోటీదారులు పదిచుట్లు తిరిగి దాదాపు 158 మైళ్ళు పూర్తి చేయాలి. అప్పటి యంత్రాలకు అది నాలుగు గంటలకు పైబడిన ప్రయాణం. నిర్వాహకులు వాహనాలను రెండు విభాగాలుగా చేశారు. ఒకటి ఒంటి సిలిండరు వాహనాలది, రెండవది జంట సిలిండర్లవి. ఒంటి సిలిండరు వాహనం గాలనుకు 90 మైళ్ళు, అంటే లీటరుకు దాదాపు 32 కిలోమీటర్లు నడవాలి. జంట సిలిండర్ల వాహనానికి గాలనుకు 75 మైళ్ళు చాలు. మొదటి విభాగంలో చార్లీ కోలియర్, రెండవ విభాగంలో రెమ్ ఫౌలర్ విజేతలయ్యారు. ఫౌలర్‌కు కోలియర్ కంటే ఎక్కువ సమయం పట్టినా అతని గెలుపు గెలుపే. ఎందుకంటే అతని వాహనానికి విధించిన పరీక్ష వేరు.

సుదీర్ఘ కాలపు మోటారు సైకిలు పందేలు నేటికీ ప్రసిద్ధమే. ఫ్రాన్సులో 1922లో మొదలైన బోల్ దోర్, 1978లో మొదలైన ల మాన్ ఇరవైనాలుగు గంటల పందెం, అదే సంవత్సరం జపాన్‌లో మొదలైన సుజుకా ఎనిమిది గంటల పందెం అటువంటివి. ఒకే వాహనాన్ని ఇద్దరు ముగ్గురు చోదకులు వంతులవారీగా నడుపుతారు. అక్కడ కూడా పందెంకోసం విశేషంగా మార్పులు చేసిన వాహనాలకు ఒక విభాగం, అంగడిలో అమ్మే వాహనానికి పరిమితమైన మార్పులు మాత్రమే చేసినవాటికి వేరొక విభాగం ఉన్నాయి. ధనబలం తక్కువైన జట్టు రెండవ విభాగంలో తనవంటివారితో తలపడుతుంది. మన సేద్యపు ఎడ్ల విభాగానికి, ఆ అంగడి వాహనాల విభాగానికి మధ్య సముద్రాలున్నాయి. వాటిని పుట్టించిన ఆలోచన మాత్రం ఒక్కటే.

విభాగాలు ఏర్పడినంతమాత్రాన వివాదాలు తీరిపోవు. ఒక సందర్భాన్ని ఊహించండి. ఒక రైతు తన గిత్తల జతను రెండు పళ్ళ విభాగంలో నమోదు చేయించాడు. పోటీనాటి తెల్లవారుజామున దాణా పెడుతూ నోరు తెరిచి చూస్తే, ఒక గిత్తకు మూడవ దంతం చిగురును చీల్చుకొని బియ్యపుగింజంత బయటపడింది. ఇప్పుడది రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా? పైవిభాగంలోకి వెళ్తే బండ బరువు పెరుగుతుంది, ఎదుటి జతలు ముదిరినవి. ఏడాది శ్రమ వ్యర్థమవుతుంది. చెప్పకుండా ఊరుకొంటే ఎవరూ గమనించకపోవచ్చు. ఆ రైతు పెదవి విప్పితే నష్టం తనకు. విప్పకపోతే నష్టం పక్కజత రైతుకు.

ఇటువంటి చిక్కు ఎదురుకాకుండా ఉండాలంటే నియమం ముందుగానే స్పష్టంగా ఉండాలి. పళ్ళను ఏ రోజున పరీక్షిస్తారు, మొలక కనిపిస్తే చాలునా లేక పన్ను పూర్తిగా పైకి రావాలా, సందేహం వచ్చినప్పుడు తీర్పు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం పోటీకి ముందే అందరికీ తెలియాలి. పశువైద్యుని చేత నోరు పరీక్ష చేయించడం ఉత్తమం. బరిలో గొడవ మొదలైన తరువాత కల్పించిన నియమం ఎంత మంచిదైనా, ఒకరికి అనుకూలంగా, మరొకరికి వ్యతిరేకంగా కల్పించినట్లే కనిపిస్తుంది. నియమం పశువుల పేర్లు తెలియకముందు పుట్టాలి. అప్పుడే అది అందరిదీ అవుతుంది.

బహుమతి సొమ్ము విషయంలోనూ వివేకం అవసరం. పోటీ గిత్తను మేపడం సామాన్యమైన ఖర్చు కాదు. ఉలవలు, జొన్నలు, చిట్టు, పచ్చిమేత, పాలు, ఖర్జూరాలు, దూరప్రాంతాలకు తరలించడానికి లారీ బాడుగ, తోలేవారి బత్తెం, మందులు అన్నీ లెక్కించాలి. బహుమతి వచ్చినా పెట్టిన ఖర్చు తిరిగిరాని రైతులే ఎక్కువ. వారు బతుకుతెరువుకోసం బరిలోకి రారు. ఊరి పేరు మైకులో వినిపించాలన్న మక్కువతో వస్తారు. ఈ అర్థంలో వారు వృత్తి క్రీడాకారులు కారు, అభిరుచి గల క్రీడాకారులు. దాతలు ఇచ్చే సొమ్ము వారి మక్కువకు ఊతం కావాలి గాని దురాశకు ఎర కాకూడదు.

ఒక విభాగానికి లక్షరూపాయల నిధి సమకూరిందని భావించండి. ఆ మొత్తాన్ని ప్రథమ విజేతకే ఇచ్చివేస్తే మిగిలినవారు వట్టిచేతులతో వెళ్ళాలి. మరుసటి ఏడాది వారిలో చాలామంది రారు. వచ్చినవారు కూడా ఎలాగైనా మొదటి స్థానమే దక్కాలన్న తెగింపుతో పశువును అలవికిమించి తోలుతారు. అదే నిధిని నలభైవేలు, ముప్ఫైవేలు, ఇరవైవేలు, పదివేలుగా నాలుగు స్థానాలకు పంచితే పరిస్థితి మారుతుంది. అలసిన జతను ఆపినా నాలుగవ స్థానమైనా దక్కవచ్చునన్న ఆశ తోలేవాని చేతిలోని చర్నాకోలను దించుతుంది. అంటే బహుమతి పంపకం మనుషులకే కాక, పశువులకూ సంబంధించిన విషయం. సొమ్మును పంచే పద్ధతిలోనే దయకో, క్రౌర్యానికో దారి ఏర్పడుతుంది.

కొన్నిచోట్ల నగదుకు బదులుగా మోటారు సైకిలు వంటి వస్తువులను ప్రకటిస్తున్నారు. చూపులకు ఆకర్షణీయమే గాని, ఒక వాహనాన్ని నాలుగు భాగాలు చేయడం సాధ్యం కాదు. పెద్ద వస్తువు ఒక్కరికే దక్కుతుంది. విభాగాల మధ్య పంపకం కూడా ఆలోచించదగినదే. పెద్ద గిత్తల పోటీకి జనం ఎక్కువగా వస్తారు కాబట్టి దాతల సొమ్ము అటే మొగ్గు చూపుతుంది. అయితే సేద్యపు ఎడ్లకు, పాలపళ్ళ గిత్తలకు అత్తెసరు బహుమతులిస్తే చిన్నరైతు దూరమవుతాడు. చిన్నరైతు దూరమైన పోటీ కొద్దిమంది సంపన్నుల వేడుకగా మిగిలిపోతుంది. కింది మెట్టు విరిగిన నిచ్చెనకు పైమెట్టు ఉండి ప్రయోజనం లేదు.

ఇంతవరకు మనుషుల మధ్య న్యాయాన్ని గురించి చెప్పుకొన్నాం. బండను లాగేది మనిషి కాదన్న విషయాన్ని మరువరాదు. చోదకుడు అలసిపోతే తానే వాహనాన్ని ఆపగలడు. మల్లయోధుడు చేయెత్తి ఓటమిని అంగీకరించగలడు. కాడి కింది ఎద్దుకు ఆ స్వేచ్ఛ లేదు. దాని తరఫున మాట్లాడగలిగింది నియమం ఒక్కటే. పశువులపట్ల క్రూరత్వ నివారణ చట్టం మన దేశంలో 1960లోనే వచ్చింది. ప్రాణులపట్ల కరుణ చూపడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం పేర్కొంటున్నది. 2014 మే 7న సర్వోన్నత న్యాయస్థానం జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధిస్తూ తీర్పునిచ్చింది. ఆ తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలను సవరించి, నియమాలకు లోబడి ఆయా క్రీడలను అనుమతించాయి. ఆ సవరణలు చెల్లుతాయని 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ప్రకటించింది. సంప్రదాయానికి, కరుణకు మధ్య నడిచిన ఈ వాదోపవాదాల నుంచి మనం గ్రహించవలసిన నీతి ఒకటుంది. పశువు బాధను లెక్కచేయని వేడుక ఎంత పాతదైనా, పాతదనమే దానికి రక్షణ కాజాలదు.

కాబట్టి బరిలోని నియమాలలో పశువుకు సంబంధించినవే మొదట రావాలి. వయస్సుకు మించిన బరువు కట్టరాదు. ముల్లుగర్రతో పొడవరాదు. తోక మెలిపెట్టరాదు. మత్తు కలిగించే పదార్థాలు తాగించరాదు. మోకాళ్ళపై కూలిన గిత్తను తిరిగి లేపి తోలరాదు. నీడ, నీరు, వైద్యం సిద్ధంగా ఉండాలి. ఈ నియమాలను అతిక్రమించిన జత ఎంతదూరం లాగినా దాని దూరాన్ని సున్నాగా లెక్కించాలి. శిక్ష లేని నియమం కట్టుకొయ్య లేని పలుపు వంటిది.

ఒంగోలు జాతి గిత్తల కీర్తి ఖండాంతరాలు దాటింది. బ్రెజిల్‌కు వెళ్ళిన ఈ జాతి సంతతి అక్కడ ‘నెలోర్’ అన్న పేరుతో విస్తరించింది. ఆ పేరు మన నెల్లూరుదే. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడలకు ఒంగోలు గిత్త ‘వీర’ చిహ్నమైంది. ఇక్కడ మాత్రం ట్రాక్టరు వచ్చిన తరువాత కాడి అటక ఎక్కింది. ఎడ్ల కొట్టాలు ఖాళీ అయ్యాయి. ఈ స్థితిలో మేలుజాతి గిత్తను మేపడానికి చాలామంది రైతులకు మిగిలిన కారణం ఈ పోటీలే. అందువల్ల పోటీలను నీతిమంతంగా నడపడం ఒక జాతి మనుగడకూ అవసరం.

మళ్ళీ ఆ తెల్లవారుజామున గిత్త నోరు తెరిచి చూసిన రైతు దగ్గరకు వద్దాం. అతడు గిత్తను నిర్వాహకుల ముందు నిలబెట్టి, కొత్తపన్నును తన వేలితో చూపి, “అయ్యా, నాలుగు పళ్ళలో రాయండి” అన్నాడనుకొందాం. ఆ పూట అతని జత ఆఖరి స్థానంలో నిలిచి ఉండవచ్చు. అతని పేరు మైకులో వినిపించకపోవచ్చు. కాని ఆనాడు రెండు పళ్ళ విభాగంలో గెలిచిన రైతు గెలుపు నిజమైన గెలుపు కావడానికి కారణం అతడే. ఒకరి నిజాయితీ మరొకరి విజయానికి విలువ తెస్తుంది. పరీక్షలు రాసే విద్యార్థులకు, పందెంలో పరుగెత్తే క్రీడాకారులకు, రేపు ఉద్యోగాలకు పోటీపడే యువతకు ఆ రైతు చూపిన బాటే శరణ్యం.

కఠిన పదాలకు అర్థాలు

చిరపరిచితం = చాలాకాలంగా తెలిసినది
నెర్రె = నేలలో ఏర్పడే పగులు
బరి = పోటీ జరిగే స్థలం
గుంటక = విత్తిన చేలలో కలుపు తీయడానికి, నేలను చదును చేయడానికి వాడే సేద్యపు పనిముట్టు
బత్తెం = రోజువారీ ఖర్చుకు ఇచ్చే సొమ్ము
చర్నాకోల = కొరడా
అత్తెసరు = చాలీచాలనిది
పలుపు = పశువును కట్టే తాడు
శరణ్యం = ఆశ్రయించదగినది

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. బండలాగుడు పోటీలలో విభాగాల అవసరాన్ని ఇతర క్రీడలతో పోల్చి వివరించండి.
2. ‘సొమ్మును పంచే పద్ధతిలోనే దయకో, క్రౌర్యానికో దారి ఏర్పడుతుంది’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పశువు నోటిని దాని జన్మపత్రికగా ఎందుకు భావించారు?
2. పోటీలో జతల వరుసను చీటీల ద్వారా నిర్ణయించడానికి కారణాలేవి?
3. 1907 నాటి మోటారు సైకిలు పందెంలోని విభాగాలను తెలపండి.

ఇ) కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. నియమం పశువుల పేర్లు తెలియకముందు పుట్టాలి.
2. కింది మెట్టు విరిగిన నిచ్చెనకు పైమెట్టు ఉండి ప్రయోజనం లేదు.
3. అయ్యా, నాలుగు పళ్ళలో రాయండి.

ఈ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. నంద్యాల జిల్లా ఎప్పుడు ఏర్పడింది?
2. కరణం మల్లీశ్వరి ఏ విభాగంలో ఒలింపిక్ పతకం సాధించింది?
3. 2002 జాతీయ క్రీడల చిహ్నం పేరేమిటి?

ఉ) భాషాభ్యాసం
1. ‘వాదోపవాదాలు’ పదాన్ని విడదీసి, సంధి పేరు రాయండి.
2. ‘నల్లరేగడి’, ‘పసుపుకుంకుమలు’ – ఈ సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, వాటి పేర్లు తెలపండి.

ఊ) మీ ఊరిలోగాని, కళాశాలలోగాని జరిగే ఒక పోటీకి విభాగాలు, నియమాలు, బహుమతుల పంపకం సూచిస్తూ ఒక పుట మించకుండా రాయండి. ప్రతి నియమానికి కారణాన్ని జతచేయండి.